అడవి ట్రిప్పు ప్రేమ నవలకి ఏ అడవి? నల్లమల నుంచి కేదార్‌కంఠ దాకా

విజయవాడ, గుంటూరుల్లో కొత్తగా నవల మొదలుపెట్టేవాళ్లని కదిపితే ఈ మధ్య ఎక్కువగా వినపడే ఐడియా ఒకటుంది. ఒక గ్రూపు అడవికి ట్రిప్పు వెళ్తుంది, అందులో ఇద్దరికి బొత్తిగా పడదు, తిరిగొచ్చేసరికి ఒకళ్లని వదిలి ఒకళ్లు ఉండలేని స్థితికొస్తారు, చదివినవాళ్లు నవ్వుకుంటూ పుస్తకం పక్కన పెడతారు. మంచి ఐడియానే. ఇంగ్లీషులో ఈ రకం నవలలు బోలెడు వస్తున్నాయి, మనవాళ్లు ఫోన్లలో అవే చదువుతున్నారు, మనకేమో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా నల్లమలో గోదావరి మన్యమో వచ్చేస్తుంది. చిక్కల్లా ఏ అడవి అన్న దగ్గరే. చాలామంది ఫొటోలు చూసి తేల్చేస్తారు. మేఘాలు బాగున్నాయని వంజంగి, నది బాగుందని పాపికొండలు. కానీ మేఘాలు ఎంత బాగా రాసినా ఒక పేజీ వస్తాయి, మిగతా రెండొందల పేజీలు ఎవరు నడిపించాలి?

అందుకే ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. వాళ్లిద్దరికీ గొడవై, ఒకరు బ్యాగు సర్దుకుని ఇంటికి పోతానంటే ఆ చోటు పోనిస్తుందా? పోనివ్వకపోతే, అది టెన్షనా, ప్రాణభయమా? మొదటిదానికి పోనిస్తుంది అని జవాబొచ్చిందంటే కథ రెండో అధ్యాయంలోనే విజయవాడ బస్టాండులో దిగిపోతుంది. రెండోదానికి ప్రాణభయం అన్నారంటే మీరు రాయబోయేది వేరే రకం నవల, దాన్ని హాయిగా ఎవరూ చదవరు. ఈ రెండింటి మధ్యలో పడే అడవే మనకి కావాలి.

ముందు నల్లమల చెప్తాను, ఎందుకంటే నా ఓటు దానికే. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల రిజర్వు నాగార్జునసాగర్–శ్రీశైలం, అది ఇక్కడే ఉంది. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ దాటి దోర్నాల చేరితే అక్కడినుంచి శ్రీశైలం ఘాటు మొదలవుతుంది. ఈ దారికి నవల రాసేవాళ్లు కాళ్లకి దండం పెట్టాల్సిన ఏర్పాటు ఒకటుంది: రాత్రి తొమ్మిదింటికి అటవీశాఖవాళ్లు గేటు వేసేస్తారు, మళ్లీ తీసేది తెల్లవారి ఆరింటికి. జంతువులు రోడ్డు దాటే వేళ కాబట్టి ఆ నియమం. మనకి మాత్రం అదొక అధ్యాయం. తొమ్మిదీ పదికి దోర్నాల చేరిన కారు, వెనక సీట్లో నిద్రపోతున్న ముసలావిడ, ముందు సీట్లో పొద్దుట్నుంచీ మాటల్లేని బావా మరదళ్లు, ఎదురుగా దించేసిన గేటు కర్ర, పక్కన ఒక టీ బంకు.

"బావా, వినుకొండలో ఆ రెండో టీకి ఆగకపోతే ఈపాటికి సత్రంలో పడుకునేవాళ్లం."

"ఆగమన్నది మీ అమ్మమ్మ."

"నాకు అమ్మమ్మయితే నీకు నాయనమ్మ కాదా?"

"అందుకే ఏమీ అనలేదు. నువ్వంటే అనేవాణ్ణి."

చూశారా, పులి లేదు, తుఫాను లేదు, ఎవరికీ కాలు విరగలేదు. తొమ్మిది గంటల పాటు ఎటూ పోలేరు, అంతే. బేరం పెట్టడానికి ఎదురుగా మనిషి కూడా లేడు, ఉన్నది నియమం. దీన్ని మించిన అడ్డు మన రాష్ట్రంలో ఇంకెక్కడా నాకు కనపడలేదు.

శ్రీశైలం చేరాక ఇష్టకామేశ్వరి దారి ఉంది. మామూలు కార్లు పోవు, జీపులోనే వెళ్లాలి, ఆ రాళ్లదారి మీద ఎదురెదురు సీట్లలో కూర్చున్న ఇద్దరు మోకాళ్లు తగలకుండా కూర్చోవడం అసాధ్యం. నుదుట బొట్టు పెట్టేటప్పుడు అమ్మవారి నుదురు రాయిలా కాక మెత్తగా మనిషి చర్మంలా తగులుతుందని, మనసులో కోరుకున్నది తీరుతుందని అక్కడి నమ్మకం. ఇద్దరూ బొట్టు పెడతారు, ఇద్దరూ ఏం కోరుకున్నారో చెప్పరు, చెప్పకపోవడం మీద ఇంకో నలభై పేజీలు హాయిగా నడుస్తాయి. అటవీశాఖ అప్పుడప్పుడూ ఆ దారి మూసేస్తుంటుంది, కాబట్టి మీ కథ ఏ నెలలో జరుగుతోందో ముందే చూసుకోండి.

కానీ నల్లమలలో అసలు నిధి శివరాత్రి కాలినడక. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి భక్తులు అడవిలో నడిచి వెళ్తారు. ఏడాదంతా మామూలు మనుషుల్ని అడుగు పెట్టనివ్వని చోట ఆ కొద్ది రోజులే జనం నడుస్తారు, దారిలో ఎవరో ఒకరు అన్నం పెడతారు, పెచ్చెరువు దగ్గర రాత్రి పడుకుంటారు, భీముని కొలను దగ్గర మెట్లు దిగి మళ్లీ ఎక్కేసరికి జిమ్ముకెళ్లే కుర్రాళ్లు కూడా దేవుడా అంటారు. ఉగాదికి కన్నడ భక్తులు ఇదే దారిన వస్తారు, భ్రమరాంబని వాళ్లింటి ఆడపడుచు అనుకుంటారు. ఇంగ్లీషు నవలలో ట్రెక్కింగ్ కంపెనీ, గైడు, డబ్బు కట్టి చేరిన పన్నెండు మంది అపరిచితులు ఉంటారే, ఆ పని మొత్తం ఇక్కడ మొక్కు చేస్తుంది. మొక్కు ఉంది కాబట్టి మధ్యలో వెనక్కి తిరగరు. కూతురు వెళ్తానంటే ఇంట్లోవాళ్లు కాదనలేరు. పిన్నికో అత్తకో తోడుగా వచ్చిన అమ్మాయి, ఉద్యోగం వస్తే నడిచొస్తానని మొక్కుకుని ఉద్యోగం వచ్చాక తప్పించుకోలేక వచ్చిన అబ్బాయి. ఇది ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా వాడుకోలేదేమో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇంకో విషయం, అడవిలో ప్రేమ అనగానే మనం ఇంగ్లీషు నవలల దాకా పోనక్కర్లేదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథ పుట్టింది ఈ అడవిలోనే. సంక్రాంతి వెళ్లగానే పారువేటకి బయల్దేరిన స్వామి నలభై రోజుల పాటు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి తన కల్యాణానికి తానే పిలుపులు చేస్తాడు. శ్రీశైలం మల్లన్నని చెంచులు తమ అల్లుడంటారు. ఇంతకంటే ఫీల్‌గుడ్ ఏముంటుంది? అయితే ఈ కథలు తెలుసని నవలలో చెంచుల్ని అలంకారానికి పెట్టకండి. విల్లు పట్టుకుని వచ్చి, తేనె ఇచ్చి, ప్రేమ గురించి ఒక గొప్ప మాట చెప్పి మాయమయ్యే చెంచు తాత పాత్ర ఇక చాలు. పులుల అడుగుజాడలు చూసే వాచర్లుగా అటవీశాఖలో చెంచులు పనిచేస్తున్నారు. అలాంటి మనిషికి ఒక పేరు, ఒక చమత్కారం, జీతం ఆలస్యమైందన్న విసుగు ఇస్తే పాత్ర నిలబడుతుంది.

నల్లమలతో ఒక ఇబ్బంది ఉంది. రిజర్వు ఫారెస్టులో ఎక్కడపడితే అక్కడ టెంటు వేయడం, మంట పెట్టడం కుదరదు, నిప్పు రాజేయడం నేరం కూడా. చుక్కల కింద నెగడు, గిటారు, ఇద్దరికీ కలిపి ఒకే టెంటు అనే సీను మీకు తప్పనిసరి అనుకుంటే బైర్లూటిలోనో పచ్చర్లలోనో అటవీశాఖ క్యాంపులున్నాయి, అక్కడ పెట్టుకోండి. లేదంటే ఒక రేంజర్ వచ్చి ఇద్దరికీ జరిమానా రాసే సీను రాయండి, నిజానికి అదే బాగుంటుంది. పులిని మాత్రం చూపించకండి. బురదలో అడుగు కనపడితే చాలు, రెండోరోజు రాత్రి దాకా గ్రూపంతా గుసగుసగానే మాట్లాడుకుంటుంది.

మారేడుమిల్లికి వస్తే లెక్క మారుతుంది. ఇది కుటుంబాల కథకి కాదు, స్నేహితుల కథకి. విజయవాడలో పొద్దున రైలెక్కితే రెండున్నర మూడు గంటల్లో రాజమండ్రి, అక్కడినుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. ఒకే ఆఫీసువాళ్లో, ఇంజనీరింగ్ అయ్యాక ఇన్నేళ్లకి కలిసిన బ్యాచో అయితే ఇంతకంటే వీలైన చోటు లేదు. ఇక్కడ దారి మూసేది గేటు కాదు, ఫోన్ సిగ్నల్. ఘాటులో పైకి పోయేకొద్దీ ఒక్కొక్క గీతా తగ్గిపోతుంది. మన నవలల్లో అడవి చేసే అసలు పని ఇదేనని నా అనుమానం. ఇంగ్లీషు నవలల్లోవాళ్లకి అడవి నగరం నుంచి విడుదల, మనకి రోజుకి నాలుగుసార్లు "తిన్నావా, ఎక్కడున్నావ్, పక్కన ఎవరున్నారు" అని వచ్చే ఫోన్ల నుంచి విడుదల. సత్తెనపల్లి నుంచి వచ్చిన ఇరవై ఆరేళ్ల పిల్ల, జీవితంలో మొదటిసారి రెండు రోజులు అమ్మకి దొరకదు. మొదటి సాయంత్రం ఆ పిల్లకి అది భయం, రెండో పొద్దున ఒళ్లు తేలికవుతుంది, తిరుగు ప్రయాణంలో రంపచోడవరం దగ్గర టింగు టింగుమంటూ ముప్పై మిస్డ్ కాల్స్ వచ్చి పడతాయి. ఎవరితో ఏం చెప్పాలో తేల్చుకోవాల్సిన చోటు అదే.

బొంగులో చికెన్‌ని చాలామంది ఒక వాక్యంలో తేల్చేస్తారు, అన్యాయం. దాన్ని కాల్చే తీరు చూడండి. పచ్చి వెదురు కణుపు ఒకవైపు మూసే ఉంటుంది, మసాలా పట్టించిన ముక్కలు లోపలికి కూరి, రెండోవైపు ఆకులు కుక్కి మూసి, నిప్పుల మీద వాల్చుతారు. నూనె ఉండదు. పైన ఆకుపచ్చ బొంగు మెల్లగా గోధుమరంగుకి తిరిగి నల్లబడుతుంది, మూతిలోంచి బుసబుసమని ఆవిరి, మధ్యమధ్యలో బొంగు టప్పుమంటుంది, కాల్చేవాడు దాన్ని తిప్పుతూనే ఉంటాడు. అరగంట పైనే పడుతుంది. ఆకలి మీదున్న ఇద్దరు, చేతిలో ఫోన్ పనిచేయదు, పక్కన నిప్పు. మాట్లాడుకోక ఛస్తారా? చివరికి కత్తితో చీల్చి ఆకులో గుమ్మరించాక, గుంటూరబ్బాయి ఒక ముక్క తిని, ఏమీ అనకుండా బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీసి చల్లుకుంటాడు. అమ్మాయి చూసి అసహ్యించుకుంటుంది. కాసేపయ్యాక చెయ్యి చాపుతుంది. ప్రేమించానని చెప్పే సీను దీని తర్వాత రాయకపోయినా పర్వాలేదు.

మారేడుమిల్లి నుంచి గుడిస కొండకి తెల్లవారుజామున చీకట్లో జీపులు పోతాయి, పైన గడ్డి మైదానం, సూర్యోదయం. ఇది ఒక అధ్యాయానికి సరిపోతుంది. వాగుల దగ్గర మాత్రం చెయ్యి అదుపులో పెట్టుకోండి. అమ్మాయి కాలుజారి నీళ్లలో పడటం, అబ్బాయి దూకి కాపాడటం అనేది రాయాలని ప్రతివాళ్లకీ చెయ్యి దురద పెడుతుంది. వానాకాలంలో ఆ వాగులు ఒక్కసారిగా పొంగుతాయి, చదువుకునే పిల్లలు కొట్టుకుపోయిన వార్తలు మనం పేపర్లో చదివినవే. అది చదివిన తల్లిదండ్రులు కూడా మీ పాఠకుల్లో ఉంటారు. చెప్పు కొట్టుకుపోనివ్వండి, చాలు. ఒంటిచెప్పుతో రెండు కిలోమీటర్లు నడిచే అమ్మాయి, తన చెప్పులు ఇచ్చేసి ఉత్తకాళ్లతో నడుస్తూ ఏమీ నొప్పి లేనట్టు నటించే అబ్బాయి, అందరం చూసినవాళ్లే.

పాపికొండలు గురించి ఎక్కువ చెప్పను. నవలకి చాలదు, ఒక అధ్యాయానికి బాగుంటుంది. పొద్దున లాంచీ ఎక్కుతారు, పై అంతస్తులో స్పీకర్లు, డాన్సులు, మైకులో "అటు చూడండి, ఇటు చూడండి", భోజనం, పేరంటపల్లిలో దిగి శివాలయం చూడటం, సాయంత్రానికి వెనక్కి. గోదావరి ఎంత అందంగా ఉన్నా ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకునే వీలుండదు, పైగా వరదల కాలంలో లాంచీలు ఆపేస్తారు. లాంచీ మునగబోయి బతికి బయటపడటాన్ని మలుపుగా అస్సలు వాడొద్దు, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం ఎవరూ మర్చిపోలేదు. పోలవరం ముంపు ఊళ్ల మనిషిని పాత్రగా తెస్తే మాత్రం నవల బరువెక్కుతుంది, అది వేరే పుస్తకంగా రాయదగ్గ విషయం. అయితే ఈ లాంచీకి సరిగ్గా అతికే జంట ఒకటుంది: రిటైరైన ఇద్దరు టీచర్లు, పిల్లలు టికెట్లు కొనిచ్చి బలవంతంగా పంపినవాళ్లు. వాళ్లకి స్పీకర్ల గోల తప్పించుకోవడమే సాహసం. "మాస్టారూ, ఇక్కడ కాస్త నయం, చప్పుడు తక్కువ, కూర్చోండి" అని ఆవిడ కింది అంతస్తులో చోటు చూపించడంతో మొదలుపెట్టొచ్చు. అరవై దాటినవాళ్ల ప్రేమకి తెలుగులో పాఠకులు లేరనేవాళ్ల మాట నమ్మకండి.

లంబసింగి, వంజంగి వైపు మొగ్గేవాళ్లకి ఒకటే మాట, అక్కడ మీ ఆయుధం మేఘం కాదు, చలి. మేలో 45 డిగ్రీల్లో మాడిపోయే బెజవాడ మనిషి డిసెంబరులో లంబసింగి దిగితే ముందు నోట్లోంచి పొగ రావడం చూసి చిన్నపిల్లాడైపోతాడు, గంటకల్లా స్వెట్టర్ తెచ్చుకోనందుకు ఏడుస్తాడు. వేయి మీటర్ల ఎత్తు, ఉష్ణోగ్రత ఒక్క అంకెకి పడిపోతుంది, ఒక శాలువా రెండు భుజాల మీదికి రావడానికి రచయిత ఏమీ కష్టపడక్కర్లేదు. దారి కూడా నవ్వు తెప్పిస్తుంది: నర్సీపట్నం రోడ్ అనే స్టేషన్లో దిగితే నర్సీపట్నం ఇంకా బస్సెక్కి పోవాల్సినంత దూరంలో ఉంటుంది, రైలు టికెట్లు బుక్ చేసినవాణ్ణి మిగతా గ్రూపు ఎన్ని తిట్లు తిట్టాలో అన్నీ తిట్టొచ్చు. ఇబ్బంది జనంతోనే. వారాంతాల్లో వరసగా అద్దె టెంట్లు, కార్లు, పాటలు. వంజంగి కొండెక్కి మేఘాలు చూడటం కూడా పొద్దున తొమ్మిదికల్లా అయిపోతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగిపోవచ్చు కాబట్టి నా మొదటి ప్రశ్న దగ్గరే ఇది ఓడిపోతుంది. అరవై డెబ్బై పేజీల నవలికకైతే తప్పకుండా వెళ్లండి, కాఫీ తోటలు, వాటిలో చెట్లకి పాకిన మిరియాల తీగలు, చింతపల్లిలో 1922 ఆగస్టులో అల్లూరి దాడిచేసిన పోలీసు స్టేషన్ అన్నీ దగ్గర్లోనే ఉన్నాయి. చరిత్ర చదివిన అమ్మాయి, రీల్స్ తీసే అబ్బాయి అయితే ఆ స్టేషన్ ముందు పడే గొడవ భలే ఉంటుంది.

ఇక హిమాలయాలు. ఇప్పుడు మన ఊళ్ల కుర్రాళ్లు కేదార్‌కంఠకి కూడా తరచూ వెళ్తున్నారు. విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక రోజు పైనే, డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి ఇంకో పగలంతా, ఆపైన నడక, శిఖరం సుమారు 12,500 అడుగులు. కథ కట్టడానికి ఇంత సులువైన చోటు లేదు: రోజుకొక క్యాంపు, కాబట్టి అధ్యాయాలు వాటంతటవే తెగుతాయి, గైడు చెప్పందే ఎవరూ కదలరు, అలిగినా పోవడానికి దారి లేదు. పైగా ఇరవై మంది గ్రూపులో తెలుగువాళ్లు ఇద్దరే అనుకోండి, ఆ ఇద్దరికే పడదు అనుకోండి. మిగతావాళ్లంతా హిందీలో జోకులేసుకుంటుంటే, అర్థమైనట్టు నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాక, ఎంత కోపమున్నా రాత్రికి వచ్చి ఆ ఒక్క మనిషితోనే మాట్లాడాలి. విడిపోయి మూడేళ్ల తర్వాత అనుకోకుండా ఒకే బ్యాచ్‌లో తేలిన పాత ప్రేమికులకి ఇది దేవుడిచ్చిన చోటు. కానీ వెళ్లనివాళ్లు మాత్రం రాయకండి. చదివేవాళ్లలో వెళ్లొచ్చినవాళ్లు బోలెడుమంది, సీసాలో నీళ్లు గడ్డకట్టడం, పైకెళ్లేకొద్దీ తలనొప్పి మొదలై అన్నం సయించకపోవడం, అది ముదిరితే కిందికి దింపడమే వైద్యం కావడం వాళ్లకి ఒంటికి తెలుసు. యూట్యూబ్ చూసి రాసింది మూడో పేజీలో దొరికిపోతుంది, మిగిలేది టూర్ ప్యాకేజీ కాగితం.

ఇవేవీ కాదు, ముందు చెయ్యి సాధన చేసుకుంటానంటే కొండపల్లి ఖిల్లా, మూలపాడు సీతాకోకచిలుకల పార్కు ఉన్నాయి. పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. కథానిక రాసుకోండి, అంతకుమించి లాగకండి.

ఎవరికి ఏది అని నన్నడిగితే, బావామరదళ్లు, పెళ్లిచూపుల్లో ఒకళ్లనొకళ్లు కాదనుకున్నవాళ్లు, పెద్దవాళ్లు పక్కనే ఉండాల్సిన కథలు నల్లమలకి పోవాలి. అప్పుడే కొత్తగా పరిచయమైనవాళ్లు, ఒకే టీములో పనిచేస్తూ పలకరించుకోనివాళ్లు మారేడుమిల్లికి. హిమాలయాలు పాత గాయాలున్నవాళ్లకి. మొదటి నవల రాస్తున్నవాళ్లు సందేహం లేకుండా నల్లమలే పట్టుకోండి, అక్కడ అడ్డంకి రెడీగా ఉంది, హాస్యానికి కుటుంబం ఉంది, పుణ్యం కూడా కలిసొస్తుంది. ముగింపు పెళ్లి పెట్టేట్టయితే పంచాంగం తిరగేయండి, శివరాత్రి నడక అయిన వెంటనే మూఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు. అది మీకు నష్టం కాదు, ఆగాల్సిన ఆ నెలా రెండు నెలల మీద ఇంకో మూడు అధ్యాయాలు రాసుకోవచ్చు.

రాయబోయే ముందు శివరాత్రి దారిని చూడాలనుకుంటే ఆ ఏడాది ఏ రోజుల్లో నడవనిస్తారో ఆత్మకూరు అటవీ కార్యాలయంలో అడగండి, అది ఏటా మారుతుంది. కొత్త బూట్లు వేసుకోకండి, బొబ్బలెక్కుతాయి. గుంటూరు నుంచి నంద్యాల రైలెక్కి వెళ్తే దిగువమెట్ట, గాజులపల్లె మధ్య అడవిలోంచే పోతుంది, కిటికీ సీటు చూసుకోండి.